బ్రిగేడియర్ గారి పెద్ద చదువు

యాభై రెండేళ్ళ వయసులో మా అక్క కొడుకు రాజగోపాల్ మళ్ళీ బడికి పోయాడు. సైన్యంలో బ్రిగేడియర్. భుజాల మీద ఇత్తడి సింహాలు, నక్షత్రాలు. కారు తలుపు తీయడానికి ఒక మనిషి, మూయడానికి ఇంకో మనిషి. అంతటివాణ్ణి ప్రభుత్వం ఏరి ఏరి యూరప్‌లో ఒక కాలేజీకి పంపింది. అక్కడ ముప్పై దేశాల బ్రిగేడియర్లు, కర్నళ్ళు, పోలీసు పెద్దలు ఒక గదిలో కూర్చుని, మనుషులు ఎందుకు కొట్టుకుంటారో ఏడాదిపాటు నేర్చుకుంటారట. నేర్చుకున్నవాళ్ళకు మాస్టర్స్ డిగ్రీ ఇస్తారట. అంతకు ముందు ముప్పై ఏళ్ళు వీళ్ళంతా ఏ చదువూ లేకుండానే తుపాకులు పట్టుకుని తిరిగారన్నమాట.

ఆ చదువులో చివరి మూడు నెలలు ఎవరి దేశానికి వాళ్ళు పోయి, పక్కపక్కనే బతికే మనుషుల్ని దగ్గరగా చూసి, పెద్ద వ్యాసం రాయాలి. కశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా ఇంత దేశం ఉంది. మా వాడికి పుంగనూరులో మా పెరటి గోడ కనిపించింది.

ఆ గోడకు ఇటు మేము, అటు రహీమున్నీసా. నలభై ఏళ్ళుగా అంతే. రెండిళ్ళకూ కలిపి ఉన్న బోరు వాళ్ళ పెరట్లో ఉంది. దాని మోటారు స్విచ్చు మా వంటింట్లో ఉంది. నీళ్ళు అటువైపు పడ్డాయి, కరెంటు మీటరు ఇటువైపు ఉంది, అందుకని అలా కుదిరింది. రహీమున్నీసాకు నీళ్ళు కావాలంటే ఇనుప గొట్టం మీద గరిటెతో రెండు దెబ్బలు వేస్తుంది. నేను స్విచ్చు వేస్తాను. చాలనుకుంటే ఒక దెబ్బ. నాకు కావాలంటే స్విచ్చు వేసుకుని, గోడలో ఉన్న నడిమి తలుపు తోసుకుని పోయి బిందె పెట్టుకుంటాను. ఆ తలుపు చేసింది రహీమున్నీసా భర్త ఫకీర్ సాహెబ్. వడ్రంగి. దానికి ఆయన గడియ పెట్టలేదు. గడియ ఏదని మా ఆయన మునెప్ప అడిగితే, "దేనికి?" అన్నాడు. ఇప్పుడు ఇద్దరూ లేరు. తలుపు ఉంది, మేమిద్దరం ముసలాళ్ళం ఉన్నాము.

ఉన్నామనే కానీ నాకు ఆ ఏడాది గుండెలో రాయి పడ్డట్టే ఉండేది. రహీమున్నీసా కొడుకు కలీం కుప్పంలో మోటారు సైకిళ్ళ షెడ్డు పెట్టాడు. తల్లిని తనతో పెట్టుకోవాలని వాడికి ఆశ. ప్రతి ఆదివారం ఫోను చేసి రమ్మంటాడు. ఆమె "ఈ ఎండలు పోనీ", "ఈ వానలు పోనీ" అంటూ వాయిదా వేస్తుంది. ఫోను మోగినప్పుడల్లా నేను చేతిలో పని ఆపి, ఈసారి ఏమంటుందోనని గోడకు చెవి పెట్టేదాన్ని.

పోయేవాళ్ళను నేను చూడలేను. మా అక్క ఆసుపత్రికని జీపెక్కి చెయ్యి ఊపింది, తిరిగి రాలేదు. మా ఆయన తిరుపతి బస్సు తీసుకుని డ్యూటీకి పోతూ "పెరుగు తోడెయ్" అన్నాడు. తోడేశాను, ఆయన రాలేదు. నా కూతురు స్వర్ణ మదనపల్లెలో నర్సు. రోజూ పొద్దున బస్సెక్కి సాయంత్రం వస్తుంది. అయినా రోజూ అది గడప దాటే వేళకు నేను వంటింట్లో దూరి ఏదో ఒక గిన్నె తోముతుంటాను. అలాంటిదాన్ని రహీమున్నీసా పోతే ఎలా ఉంటానో ఆలోచించడానికి కూడా భయపడేదాన్ని.

రాజగోపాల్ ఏప్రిల్ నెలాఖరులో దిగాడు. మా అక్క పోయాక ఐదేళ్ళు మా ఇంట్లోనే పెరిగి చదువుకున్నవాడు. రెండు ఇళ్ళలోనూ అన్నం తిన్నవాడు. అదే ఎండ, అదే ఇల్లు. ఇప్పుడు మాత్రం తట్టుకోలేకపోయాడు. హార్స్లీ హిల్స్‌లో గది తీసుకున్నాడు. ఎండలో నీళ్ళ కోసం పాట్లు పడే జనం మీద వ్యాసం చల్లటి కొండ మీద కూర్చుని రాస్తాడు. వారానికి రెండుసార్లు కారులో దిగి, మదనపల్లె మీదుగా మా ఇంటికి వచ్చి మమ్మల్ని చూసిపోతాడు. తాగే నీళ్ళు సీసాల్లో తానే తెచ్చుకునేవాడు. నీళ్ళ మీద కదా పరిశోధన.

మొదటి రోజు రహీమున్నీసా వసారాలో కూర్చోబెట్టి ఆమెను అడిగాడు. నేను నడిమి తలుపు దగ్గర చింతపండు గింజలు తీస్తూ వింటున్నాను. మధ్యలో సెల్‌ఫోను పెట్టి, మాటలు అందులోకి ఎక్కుతాయన్నాడు.

"అమ్మా, బోరు మీ దగ్గరుంది. స్విచ్చు వాళ్ళ దగ్గరుంది. రేపు వాళ్ళు వేయకపోతే?"

"యాల వేయదు?" అంది రహీమున్నీసా.

"ఏదో కోపం వచ్చిందనుకోండి."

"కోపమొస్తే ఇంకా బిన్నా, గరిటె మోగకముందే వేస్తాది నాయనా. వేసి, ఆడ నిలబడి తిట్టుకుంటాది."

"ఊరికే అనుకుందాం. ఆమె స్విచ్చు వేయను అనింది. అప్పుడు మీ దారేంది?"

"దారేముండాది. తలుపు తోసుకోని పోయి నేనే వేసుకుంటా."

"తలుపు మూసేసి ఉంటే?"

"దానికి గడియ లేదు కదప్పా. నువ్వు మర్సిపోయినావా? చిన్నప్పుడు దాన్ని పట్టుకోని ఉయ్యాల ఊగి, సీలలు ఊడబీకి, ఆయనతో తన్నులు తింటివే."

బ్రిగేడియర్ గారు గొంతు సవరించుకుని ఆ మాట ఫోనులోంచి తీసేశారు.

తర్వాత కంప్యూటరులో మా రెండిళ్ళ బొమ్మ గీసి చూపించాడు. మా ఇంటి పేరు 'అ'. వాళ్ళ ఇంటి పేరు 'ఆ'. ఎవరి పేర్లూ బయటికి రావట, అంతా రహస్యమట. 'అ' నుంచి 'ఆ'కు ఎర్ర బాణం, 'ఆ' నుంచి 'అ'కు నీలం బాణం. స్విచ్చు ఉన్న చోట బాంబు మాదిరి గుండ్రంగా ఒక గుర్తు. ఒకరి గొంతు ఒకరి చేతిలో ఉందని దాని అర్థమట. ఇన్నేళ్ళూ నేను ఆ గొంతు పక్కనే పప్పు తాలింపు పెట్టుకున్నాను.

"ఇంత చదివి వీడు కనిపెట్టింది మన స్విచ్చునా?" అంది ఆ సాయంత్రం స్వర్ణ. "వంద దేశాల్లో యుద్ధాలు జరుగుతాండాయి. ఈయప్పకు మన వంటింటి గోడ దొరికిందా?"

"పెద్ద చదువు కదే," అన్నాను.

"పెద్ద చదువా? కరెంటు పనోడిని పిల్సుకొస్తే ఐదు నిమిషాల్లో చెప్తాడు, ఇది స్విచ్చూ అని."

వారం తిరిగేసరికి రాజగోపాల్ అసలు విషయానికి వచ్చాడు. గొడవలు కావాలి. మా ఇద్దరి మధ్య ఏమేం గొడవలు జరిగాయో చెప్పాలి. లేవంటే వాడి మొహం చిన్నబోయింది. గొడవ లేకపోతే దాన్ని ఎలా నివారించారో రాయడం కుదరదట. నివారణ లేకపోతే డిగ్రీ లేదట. డిగ్రీ లేకపోతే పైన మేజర్ జనరల్ పదవి దగ్గర వెనకపడిపోతాడట.

ఇక్కడే మేము తప్పు చేశాము. మా ఇళ్ళలో గడప తొక్కి అడిగిన మనిషిని వట్టి చేతులతో పంపము. మజ్జిగ అడిగితే మజ్జిగ, కరివేపాకు అడిగితే కరివేపాకు. అందులో వాడు తల్లిలేని బిడ్డ, మా చేతి ముద్దలు తిన్నవాడు. గొడవలు కావాలని కొండ దిగి వస్తే లేవని ఎలా పంపేది? ఇద్దరం వెతికి వెతికి ఇచ్చాము. వాడు పోయాక నడిమి తలుపులో కూర్చుని చెప్పుకుని నవ్వుకున్నాము.

"నువ్వేమిచ్చినావక్కా?"

"మీ మేక నా కనకాంబరాలు మేసింది చెప్పినా. నువ్వో?"

"నువ్వు టీవీ గట్టిగా పెడతావని చెప్పినా. సాలదన్నాడు. అయితే బక్రీదు పొద్దు మా ఇంట్లో తినవని చెప్పినా."

"నేను ఏ పొద్దూ మాంసం తిననే!"

"అది వాడు అడగలేదు," అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "రాసుకున్నాడక్కా. ఎంత సంతోషపడినాడో. పాపం, మూడు మాట్లు గీత గీసినాడు దాని కింద."

ఆ నవ్వు ఆ వేసవిలో చివరిదని నాకు తెలియదు. తెలిస్తే ఇంకాసేపు కూర్చునేదాన్ని.

మే నెల మూడో వారంలో రాజగోపాల్ ఒక్కడే మా వంటింటి గడప మీద వచ్చి కూర్చున్నాడు. డ్రైవరు కారులోనే ఉన్నాడు. కాలేజీలో వాడి పంతులు వ్యాసాన్ని తిప్పి పంపించాడట. మేకలూ టీవీలూ కాదు, ఇందులో భయం ఎక్కడుంది అని అడిగాడట. ఒకరిని చూసి ఒకరు భయపడిన సంఘటన ఒక్కటైనా లేకపోతే అది భద్రత కిందికి రాదట. మిగతా దేశాలవాళ్ళందరికీ భయాలు దొరికాయట. ఒకాయనకు ఏకంగా రెండు ఊళ్ళు దొరికాయట.

"నాకే ఏమీ దొరకలేదు చిన్నమ్మా. అందరి ముందర నవ్వులపాలవుతా."

పదో తరగతిలో లెక్కల పరీక్ష తప్పిన రోజు కూడా ఆ గడప మీదే, అలాగే మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. అప్పుడు వీధిలో కారూ డ్రైవరూ లేరు, అంతే తేడా. 

"ఎప్పుడూ భయపడలేదా? ఒక్కసారి కూడా? నీ పేరు ఉండదు చిన్నమ్మా. ఇల్లు 'అ' అని ఉంటాది. ఆ దేశంలో నువ్వెవరో ఎవరికి తెలుసు?"

భయపడని రోజు ఏది నాకు? బస్సు అరగంట ఆలస్యమైతే భయం. ఫోను మోగితే భయం. వాడు అడిగిన భయం కూడా ఒకటి ఉంది. పద్నాలుగేళ్ళుగా లోపలే ఉంది. మా ఆయనకు కూడా చెప్పలేదు. చెప్పకూడదని ఒట్టేమీ పెట్టుకోలేదు, చెప్పడానికి నోరు రాలేదు. ఆరోజు వాడికి చెప్పేశాను. ఆకలిగా వచ్చిన బిడ్డకు గిన్నె అడుగున ఉన్నది గీకి పెట్టినట్టు, అదీ పెట్టేశాను.

పద్నాలుగేళ్ళ కింద జూన్ నెలలో, వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, బస్టాండులో ఏదో తగాదా పెద్దదై ఊళ్ళో అంగళ్ళన్నీ మూసేశారు. వీధిలో పరుగులు, కేకలు. ఎవరో ఏదో అన్నారు. ఇంకెవరో అంతకంటే పెద్దది అన్నారు. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు, స్వర్ణ మదనపల్లెలో ఉంది. నేను వీధి తలుపుకు గడియ పెట్టాను. తర్వాత వెనక్కి తిరిగి నడిమి తలుపు చూశాను. దానికి గడియ లేదు. పెరట్లో ఉన్న తిరగలి రాయిని దొర్లించి తెచ్చి ఆ తలుపుకు అడ్డం పెట్టాను. రెండు గంటలో మూడు గంటలో. వీధి సద్దుమణిగాక మళ్ళీ తీసేశాను. నడుము పది రోజులు నొప్పి పెట్టింది. ఎందుకని ఎవరైనా అడిగితే బిందె మోశానన్నాను.

రాజగోపాల్ కళ్ళు వెలిగిపోయాయి. పరీక్ష గట్టెక్కింది.

జూన్ రెండో వారంలో వ్యాసాన్ని అందరి ముందు చెప్పే రోజు. ముప్పై దేశాలవాళ్ళూ ఎవరి దేశంలో వాళ్ళు కూర్చుని కంప్యూటరులో చూస్తారు. మేమిద్దరం కూడా మా ఇంట్లో పక్కపక్కన కూర్చోవాలన్నాడు. సామరస్యం కంటికి కనిపించాలట. మంచి చీరలు కట్టుకోమన్నాడు. రహీమున్నీసా కలీం పెళ్ళినాటి ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. ఫ్యాను చప్పుడు అవుతుందని ఆపేశాడు. వాడు పైన పతకాలన్నీ పెట్టిన కోటు వేసుకున్నాడు, కింద లుంగీ. ఆ దేశాలవాళ్ళకు నడుము దాకానే కదా కనిపించేది.

తెర మీద పోస్టు స్టాంపుల మాదిరి ముప్పై మొహాలు వచ్చాయి. అందరికీ టోపీలు, నక్షత్రాలు. రాజగోపాల్ ఇంగ్లీషులో అరగంట చెప్పాడు. బొమ్మలు వచ్చాయి. 'అ', 'ఆ', బాణాలు. ఆ తర్వాత మా నడిమి తలుపు ఫోటో తెర నిండా వచ్చింది. దాని ముందు, ఏదో పుస్తకంలోంచి తీసి అతికించినట్టు, ఒక రాయి బొమ్మ.

రాయిని చూడగానే అది నా తిరగలి రాయేనని తెలిసిపోయింది. రహీమున్నీసాకు ఇంగ్లీషు రాదు, నాకూ రాదు. ఏమీ కాదులే అనుకున్నాను. ఆమె నా మోచేతిని పొడిచి, "ఆ గుండేంది అక్కా, తలుపు ముందర? మనకు గుండు యాడిది?" అని గుసగుసగా అడిగి నవ్వింది.

చప్పట్లు కొట్టారు. ప్రశ్నలు అడిగారు. చివర్లో నేపాల్ దేశపు కర్నల్ ఒకాయన చెయ్యెత్తాడు. మంచి మనిషే. ఇంతసేపూ వాళ్ళ గురించే మాట్లాడుతూ ఆ పెద్దమ్మల్ని ఎవరూ పలకరించలేదే అని ఆయనకు తోచినట్టుంది. హిందీలో, ఎంతో మర్యాదగా, "మాజీ" అని పిలిచి రహీమున్నీసాతో మాట్లాడాడు. హిందీ ఆమెకు బాగా అర్థమవుతుంది, వాళ్ళ ఇంటి మాటకు దగ్గర కదా. ఆమె తల ఊపుతూ వింది. మధ్యలో తల ఊపడం ఆగింది.

రాజగోపాల్ కుర్చీలో ముందుకు జరిగాడు.

ఆమె నా వైపు తిరిగి చూసింది. ఎక్కువసేపు కాదు. తర్వాత కంప్యూటరు వైపు తిరిగి, కొంగు సర్దుకుని, ఏదో రెండు మాటలు చెప్పింది. కర్నల్ చేతులు జోడించాడు. ముప్పై దేశాలవాళ్ళూ మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా అందరితోపాటు రెండుసార్లు చప్పట్లు కొట్టి, లేచి, నడిమి తలుపు గుండా వాళ్ళ ఇంటికి పోయింది.

నేను వెనకే పోయాను. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు.

"ఏమడిగినాడు రహీమా?"

"ఆ పొద్దు మీ పక్కింటామె తలుపుకు రాయి పెట్టింది కదా మాజీ, మీకు ఎట్లనిపించింది, మళ్ళీ ఎట్ల నమ్మినారు, అని."

"నువ్వేమన్నావు?"

"రాయేం లేదు సాబ్, వానకు చెక్క ఉబ్బింది, అన్నాను."

 నిలబడే ఉన్నాను.

"ఆ పొద్దు నేనొచ్చినానక్కా," అంది. గొంతు మామూలుగానే ఉంది. "ఆయనకు ఆయాసం ఎత్తుకునింది. మీ ఇంట్లో ఫోనుండాది కదా, డాక్టరును పిలవచ్చని వస్తిని. తలుపు తోస్తిని. రాలేదు. బుజం పెట్టి తోస్తిని. అక్కా అని పిలిస్తిని కూడా. వానలో వినపడలేదేమో అనుకుంటిని."

నాకు వినపడింది. ఆ మాట ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. అప్పుడు ఆమెతో అనలేకపోయాను. ఆమె అడగలేదు.

"వీధిలోనే పోయి డాక్టరును పిల్సుకోనొస్తిని. చెక్క ఉబ్బిందని ఆయనతో చెప్తిని. లేచి కూర్చున్న మర్నాడే చిత్రిక ఎత్తుకోనొచ్చినాడు కదా, తలుపు అంచు గీకేదానికి."

వచ్చాడు. నాకు బాగా గుర్తుంది. ఆయాసంతో ఆగి ఆగి, బాగున్న చెక్కను ఒక పూటంతా చిత్రిక పట్టాడు. "ఇంగ యా వానకూ పట్టదు తల్లీ" అన్నాడు. నేను మజ్జిగ ఇచ్చాను. ఆయన తాగి గ్లాసు కడిగి ఇచ్చాడు. అప్పటి నుంచీ ఆ తలుపుకూ గోడకూ మధ్య వేలు పట్టేంత సందు.

"రహీమా..."

"పో అక్కా. రాజా ఆడ ఒక్కడే ఉండాడు. అన్నం పెట్టు పో."

ఆ సాయంత్రం స్వర్ణ వచ్చేసరికి రాజగోపాల్ ఇంకా ఉన్నాడు. విషయం నేనే చెప్పాను. అది చేతిలో సంచి కూడా దించకుండా వాడి ముందు నిలబడింది.

"పేర్లు చెప్పనంటివి కదా అన్నా?"

"చెప్పలేదు. ఇల్లు 'అ', ఇల్లు 'ఆ' అనే ఉంది."

"ఉండేదే రెండిండ్లు! ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి 'అ' యెవరో 'ఆ' యెవరో తెలీదంటావా? ఇదేనా మీకు ఆడ నేర్పించేది?"

"చూడు స్వర్ణా, అణిచిపెట్టిన జ్ఞాపకం బయటికి రావడం మంచిదే. మొదట కొంచెం నొప్పి ఉంటుంది. తర్వాత సంభాషణకు దారి తీస్తుంది. దీని మీద చాలా పరిశోధన..."

"దారి తీస్తాదా? అయితే నువ్వు ఆ దారిలో పోయి ఆమె ముందర కూర్చో. ఈ మాటే ఆమెకు తెలుగులో చెప్పు. పో."

వాడు పోలేదు. సరిహద్దుల్లో ఎక్కడెక్కడో నిలబడి పతకాలు తెచ్చుకున్నవాడు, గడియ లేని తలుపు తోసుకుని నాలుగు అడుగులు వేయలేకపోయాడు. కొండ మీదికి పోయేసరికి ఆలస్యమవుతుందన్నాడు. నా కాళ్ళకు దణ్ణం పెట్టాడు. వాడు గడప దాటుతుంటే నేను వంటింట్లోకి పోయాను. ఆరోజు మాత్రం భయంతో కాదు.

తర్వాత ఏ గొడవా జరగలేదు. అదే నన్ను చంపింది. రహీమున్నీసా ఒక్క మాట అనలేదు. గొట్టం మీద దెబ్బలు మాత్రం ఆగిపోయాయి. నీళ్ళు కావాలంటే ఆమె వాళ్ళ వీధి తలుపు తీసుకుని, వీధిలో పది అడుగులు నడిచి, మా వీధి తలుపు కొట్టేది.

"అక్కా, మోటారు వేస్తావా రవ్వంత సేపు?"

"తలుపు తోసుకోని రాగూడదా రహీమా?"

"నువ్వు యా పనిలో ఉంటావో ఏమో," అనేది. నవ్వేది కూడా.

నేను నడిమి తలుపును రోజంతా బార్లా తెరిచి పెట్టాను. కూర చేశానంటూ గిన్నె పట్టుకుని ఆ తలుపు గుండా పోయాను. ఆమె గిన్నె తీసుకునేది. మర్నాడు కడిగి, వీధి గుండా తెచ్చి ఇచ్చేది. ఒకరోజు ఉండబట్టలేక, "నన్ను తిట్టవే," అన్నాను. "యాల తిట్టేది? నీకు భయమేసింది. భయమేస్తే మనిషి ఏం జేస్తాది?" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే పట్టుకుని బతికేదాన్ని.

జూలై మొదటి ఆదివారం కలీం ఫోను చేశాడు. నేను గోడకు చెవి పెట్టాను. ఈసారి ఎండలూ వానలూ ఏవీ రాలేదు. "అచ్ఛా" అంది, అంతే.

వారం తర్వాత కలీం కరెంటు పనివాణ్ణి వెంటబెట్టుకుని వచ్చి మా గడప ముందు నిలబడ్డాడు. నా ఒళ్ళో పెరిగినవాడే. చెప్పులు విప్పి మరీ మాట్లాడాడు.

"అమ్మను పిల్సుకోని పోతాండా పెద్దమ్మా. ఇల్లు బాడుగకిస్తాం. వచ్చేవాళ్ళు మీకు పదేపదే మోటారు వేయమంటే బాగుండదు. అందుకే మీటరు మా పక్కకు వేరేగా పెట్టిస్తాండా. నీళ్ళకు మీకేమీ ఇబ్బంది లేదు. గొట్టం ఒగటి మీ పక్కకు వేయిస్తా."

"నేనేమన్నా అడిగినానా అప్పా?"

"అట్ల కాదు పెద్దమ్మా. ఎవరిది వాళ్ళకుంటే మంచిది కదా."

బ్రిగేడియర్ వ్యాసంలో చివరి పేజీలో ఉన్నది కూడా అదేనట, స్వర్ణ తర్వాత చదివి చెప్పింది. 'అ'కు ఒకటి, 'ఆ'కు ఒకటి, విడివిడి స్విచ్చులు ఉండాలని, అప్పుడే శాంతి నిలుస్తుందని. మూడు నెలల పరిశోధన. మా మధ్య శాంతి నిలిచింది.

ఆమె పోయిన రోజు టెంపో హారను వినిపించినప్పుడు నేను వంటింట్లో ఇత్తడి బిందె తోముతున్నాను. ఆమె వీధి తలుపు దగ్గర నుంచి "అక్కా, పోయొస్తా" అంది. "ఆ" అన్నాను. బిందె తోముతూనే ఉన్నాను.

ఆగస్టులో రాజగోపాల్ ఫోను చేశాడు. డిగ్రీ వచ్చిందట. వ్యాసానికి బహుమతి కూడా ఇచ్చారట. వచ్చే ఏడాది చేరే బ్రిగేడియర్లందరికీ మా నడిమి తలుపును పాఠంగా చెప్తారట.

"ఒక చిన్న పని చిన్నమ్మా. రెండు నెలల తర్వాత పరిస్థితి ఎలా ఉందో కాలేజీవాళ్ళు తెలుసుకోవాలంటున్నారు. రెండు ఇళ్ళ మధ్య నమ్మకం ఇప్పుడు ఎంతుంది? ఒకటి నుంచి ఐదు దాకా ఒక అంకె చెప్పాలి. ఆమెను కూడా అడిగి చెప్తావా?"

"నువ్వే వచ్చి అడుగు నాయనా," అన్నాను.

"నేను వచ్చే నెల ఢిల్లీలో చేరాలి చిన్నమ్మా..."

"అయితే ఏదో ఒక అంకె రాసుకో. మిగతావన్నీ అట్లనే కదా రాసినావు."

పెట్టేశాను. వాడితో అంత మాట అనడం అదే మొదలు.  ఆ ఊపు తగ్గకముందే చీర మార్చుకుని బస్టాండుకు పోయాను. జీవితంలో ఒంటరిగా అంత దూరం పోలేదు. పలమనేరులో బస్సు మారాలి. మారిన బస్సు కుప్పానిదేనా అని ముగ్గుర్ని అడిగాను. వి.కోట దాటాక ఇంకొకర్ని అడిగాను.

కలీం ఇల్లు కుప్పంలో రైలు గేటుకు దగ్గర. కోడలు మునీరా తలుపు తీసింది. లోపల్నుంచి రహీమున్నీసా వచ్చింది. నన్ను చూసి నిజంగానే సంతోషపడింది. అది నటన కాదు, నాకు తెలుసు.

"ఎంత దూరమొస్తివక్కా ఈ కాళ్ళతో! మునీరా, కుర్చీ తీస్కరా."

ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు. కొంగుతో తుడిచి వేసింది. నలభై ఏళ్ళలో ఆమె ఇంట్లో నేను ఏనాడూ కుర్చీలో కూర్చోలేదు. పొయ్యి దగ్గరో, గడప మీదో, ఆమె చేట లాక్కుని కూర్చునేదాన్ని. ఇప్పుడూ కిందే కూర్చోబోయాను.

"అయ్యో, కింద వద్దక్కా. పైన కూర్చో."

కూర్చున్నాను. సాసరులో పెట్టి టీ ఇచ్చింది. పక్కన ప్లేటులో బిస్కెట్లు. స్వర్ణ ఎట్లుండాది, మోకాళ్ళ నొప్పి ఎట్లుండాది, బాడుగకు వచ్చినోళ్ళు మంచోళ్ళేనా, అన్నీ అడిగింది. నేను అన్నిటికీ జవాబు చెప్పాను. వినపడింది అని చెబుదామనే అంత దూరం పోయాను. ఆరోజు వానలో నువ్వు అక్కా అని పిలిస్తే నాకు వినపడింది, అని. టీ తాగాను. బిస్కెట్టు సగం తిన్నాను.

"రహీమా, ఆ పొద్దు..."

"వదిలెయ్ అక్కా," అంది వెంటనే, నా చేతిలోని కప్పు తీసుకుంటూ. "ఇంత దూరమొచ్చినావు. ఆ మాటలన్నీ యాల? ఇంకో రవ్వంత టీ పోస్తా."

మధ్యాహ్నం తిని పొమ్మంది. నా కోసమని వేరే గిన్నెలో పప్పు చేయించింది. ఆలస్యమైతే స్వర్ణ భయపడుతుందన్నాను. భయపడేది నేనని ఆమెకు తెలుసు.  తిన్నాక, వద్దన్నా వినకుండా, చెప్పులు వేసుకుని నాతో బస్టాండుదాకా వచ్చింది. పలమనేరు బస్సు ఏదో ఆమే కనుక్కుంది. కిటికీ పక్కన సీటు చూసి నన్ను కూర్చోబెట్టి, కిందికి దిగి, బస్సు కదిలేదాకా ఎండలో నిలబడింది.

చేతులు ఊపుకోవడానికి మా మధ్య ఎప్పుడూ పని పడలేదు. ఒకే పెరట్లోవాళ్ళకు వీడ్కోళ్ళు ఎందుకు? బస్సు మలుపు తిరిగే ముందు ఆమె చెయ్యెత్తింది. నేను ఈసారి తల తిప్పుకోలేదు, చూశాను. నలభై ఏళ్ళలో రహీమున్నీసా నన్ను సాగనంపడం అదే మొదటిసారి.